ముప్పై ఎనిమిదేళ్ళకి వాలీబాల్ నేర్చుకున్నా: కావలిలో నా అనుభవం

నేను కావలి జనతాపేటలో బ్లౌజులు కుట్టే టైలర్‌ని. పోయిన జూన్‌లో వాలీబాల్ మొదలుపెట్టి, ఈ సంక్రాంతికి ఒక టోర్నమెంటు కూడా ఆడి వచ్చాను. అప్పట్నుంచి ఆది బ్లౌజు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ అదే అడుగుతోంది: ఎట్ట మొదలుపెట్టావు, ఎంతయింది, ఇంట్లో ఏమీ అనలేదా, దెబ్బలు తగల్లేదా అని. మెషిను ఆపి అందరికీ మొదట్నుంచి చెప్పలేక, ఒక్కసారి కూర్చుని రాసేస్తున్నా.

జూన్ 12న బళ్ళు తెరిచారు. మావాడు తొమ్మిదిలోకి వచ్చాడు. సాయంత్రం బడి వదలగానే మా వెనక లేఅవుట్లో ఖాళీ స్థలానికి వాలీబాల్‌కి పోతాడు. అక్కడ ఒక సారు ఉంటారు, హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యారు. ఫీజూ గీజూ లేదు. రెండు ఇనప స్తంభాలు, అతుకుల వల, తోలు లేచిపోయిన బంతులు కొన్ని, అంతే. ట్యూషన్ టైము దాటిపోతోందని మావాణ్ణి పిలుచుకురావడానికి వెళ్ళి గీత అవతల నిలబడ్డా. సారు నా వైపు చూసి, "ఆ అబ్బాయి వాళ్ళమ్మవా? ఊరికే నిలబడే బదులు ఆ బంతి ఇటు వెయ్యి తల్లీ" అన్నారు. వేశా. ఇంకోటి దొర్లుకుంటూ వచ్చింది, అదీ వేశా. చీకటి పడేదాకా అదే పని. వెళ్ళేటప్పుడు "పేరేందమ్మా?" అని అడిగి, లాంగ్‌సైజు నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. మావాడి మీద ఏదో కంప్లయింటు కాబోలు అనుకున్నా.

తర్వాత రెండు రోజులకి వాడు మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. "సారు నీకు ఆబ్సెంట్ వేశాడు. అందరూ నవ్వారు" అన్నాడు.

నాకూ నవ్వొచ్చింది ముందు. తర్వాత మెషిను ముందు కూర్చున్నా అదే గుర్తొస్తోంది. పదో తరగతి అయిపోయాక నేను ఎక్కడికైనా రాలేదని రాసి పెట్టినవాళ్ళు ఎవరూ లేరు. నేను చదివిన బళ్ళో గేమ్స్ పీరియడ్ అంటే ఆడపిల్లలు వేపచెట్టు కింద కూర్చుని నోట్సులు రాసుకునే టైము. ఎండలో ఎగిరితే నల్లబడతారు, పెళ్ళిళ్ళు కావు అనేది మా టీచరమ్మ. ఆవిడ మాట మేమెవరం ఎదురాడలేదు, మా అమ్మలు కూడా అదే అనేవాళ్ళు కాబట్టి. మర్నాడు సాయంత్రం ఐదున్నరకి మెషిను మీద గుడ్డ కప్పేసి వెళ్ళా.

మొదటి రెండు వారాలు బంతులు ఏరడం, విసరడం తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఇది ముందే తెలుసుకోండి, ఎందుకంటే మా వీధిలో ఒకామె ఈ రెండు వారాల్లోనే అలిగి మానేసింది. ఏరుతూ ఉంటే బంతి ఎటు పోతుందో కంటికి అలవాటవుతుందని నాకు చాలా రోజులకి అర్థమయింది. జులై మొదట్లో ఒకరోజు సారు నన్ను కోర్టులోకి పిలిచి రెండు చేతులూ జోడించి చూపించమన్నారు. బొటనవేళ్ళు పక్కపక్కన, మణికట్లు కిందికి వంచి, మోచేతులు బిగించి. బంతి అరచేతులకి తగలకూడదు, మణికట్టుకి పైన చదునుగా ఉన్న చోట తగలాలి. మోకాళ్ళు వంగాలి. చెప్పడానికి ఇంతే. కానీ నేను పదిహేనేళ్ళుగా మెషిను మీదికి వంగి కూర్చుని కూర్చుని భుజాలు ముందుకి పడిపోయిన దాన్ని. మోచేతులు చాపితే భుజం లేవదు, భుజం లేపితే మోచేతులు వంగిపోతాయి. మొదటి వారానికే చేతుల మీద ఎర్రగా, తర్వాత నీలంగా మచ్చలు లేచాయి. జాకెట్లు కొలిపించుకోవడానికి వచ్చిన ఒక పెద్దావిడ నా చేతులు చూసి గొంతు తగ్గించి, "మీ ఆయన తాగుతాడా మే?" అని అడిగింది. బంతి అని చెప్పినా నమ్మలేదు.

సారు పద్ధతి గురించి రాయాలి. ఆయన "సూపరు, భలే" అనే మనిషి కాదు. అరిచే మనిషీ కాదు. రోజుకి ఒకటే చెబుతారు. "ఇయ్యాల నీ మోకాళ్ళు ఒక్కటే చూస్తా. బంతి యాడికి పోయినా నాకనవసరం" అంటారు. నిజంగానే అంతే చూస్తారు. బంతి పక్కింటి డాబా మీద పడినా మోకాళ్ళు వంగితే "ఊ" అంటారు. ఇంటికెళ్ళే ముందు నోట్‌బుక్‌లో నా పేరు ఎదురుగా "మోకాళ్ళు పర్లేదు, రేపు మోచేతులు" అని రాసి పెడతారు. ఇంటికొచ్చి అన్నం వండుతూ ఉంటే నా బుర్రలో రేపటి మోచేతులే. చేయాల్సింది ఒక్కటే ఉంటే భయం వెయ్యదు. పది తప్పులు ఒకేసారి చెప్పుంటే నేను జులైలోనే మానేసేదాన్ని.

ఆ నెలాఖర్లో ఒకరోజు నా దగ్గరికి వచ్చిన సర్వీసుని ఎట్టనో సరిగ్గా వల దగ్గరికి లేపాను. సారు ఆట ఆపించి, పిల్లకాయలందరికీ నా కాళ్ళు చూపించి, "అదీ. అట్టా నిలబడాల" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలా. మా ఆయనకి చెబితే, "కాళ్ళా? కాళ్ళ గురించా?" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆయన ట్రాలీ ఆటో తోలుతాడు, మూడున్నరకి లేవాలి మరి.

ఇంట్లో సంగతి. మా అత్తమ్మ ఆట మీద ఏమీ అనలేదు, టైము మీద అన్నది. దీపాలు పెట్టే వేళకి కోడలు ఇంట్లో లేకపోతే ఎట్ట అని. న్యాయమే అనిపించింది. అప్పటికి ఇంకో నలుగురు చేరారు: మా పక్కింటి వదిన, అంగన్‌వాడీలో చేసే అక్క, డిగ్రీ చదివే ఇద్దరు అమ్మాయిలు. అందరిదీ అదే కష్టం. సారుకి చెబితే ఆగస్టు నుంచి మాకు పొద్దున ఐదున్నరకి మార్చారు, సాయంత్రం పిల్లకాయల బ్యాచీ అట్నే ఉంచి. అంటే ఆయన రెండు పూటలా రావడమే. ఆ మార్పు లేకుంటే మా ఐదుగురిలో ఒక్కరూ మిగిలేవాళ్ళం కాదు. పాలు కాచి టీ పెట్టే పని అత్తమ్మ తీసుకుంది. తీసుకున్నానని చెప్పలేదు, ఒకరోజు నేను వచ్చేసరికి టీ రెడీగా ఉంది.

నాకు అన్నిటికంటే కష్టమైంది ఆట కాదు, అరవడం. బంతి వస్తుంటే ఎవరు తీస్తారో వాళ్ళు "నాదీ" అని గట్టిగా అరవాలి. లేకపోతే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం, బంతి మధ్యలో పడుతుంది. నా నోరు పెగలదు. కోడలిగా వచ్చిన ఇంటి పక్కనే, రోడ్డు మీద జనం పాలకి పోతా ఉండగా ఎట్ట అరిచేది? పక్కింటి వదినా అంతే. మేమిద్దరం పక్కపక్కన నిలబడ్డామంటే ఆ సందులో బంతి పడాల్సిందే. "మీకు ఆట రాక పాయింట్లు పోవడం లా, నోరు లేవక పోతున్నాయి" అన్నారు సారు. వారం రోజులు ఆయన మాకు బంతిని చేత్తో ముట్టుకోనివ్వలేదు. వేస్తారు, అరవాలి, పట్టుకోకుండా వదిలెయ్యాలి. అంతే ప్రాక్టీసు. మొదట పిల్లిగొంతుతో అన్నాం. మూడో రోజు అంగన్‌వాడీ అక్క ఒక్కసారిగా "నాదేనయ్యా" అని అరిచేసరికి పాలకేను పట్టుకుని పోయే మనిషి సైకిలాపి చూశాడు. అందరం కింద కూర్చుని నవ్వాం. ఆ తర్వాత నా గొంతూ లేచింది. షాపులో అరువు పెట్టి ఆరు నెలలుగా తిప్పుతున్నవాళ్ళని పిలిచి అడగడం కూడా ఇంచుమించు అప్పుడే మొదలుపెట్టా. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో మీరే అనుకోండి. రావలసిన దాంట్లో సగానికి పైగా వచ్చింది.

ఇప్పుడు ఎవరూ ముందు చెప్పని విషయాలు. మెట్టెలతో షూ వేసుకుంటే రెండో రోజుకి వేలు పక్కన బొబ్బ లేస్తుంది. నాకు లేచి, చితికి, చెప్పు కూడా వేసుకోలేకపోయా. తీసేయడానికి మనసొప్పక ఒక సైజు పెద్ద షూ కొన్నా, కాలు లోపల జారుతోంది. చివరికి పొద్దున తీసి, వచ్చాక పెట్టుకుంటున్నా. అత్తమ్మ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. గాజులు తీసెయ్యాలి, మట్టిగాజు పగిలితే మణికట్టు కోసుకుంటుంది. తాళిబొట్టుని లోపలికి వేసి పిన్నీసు పెడితే దూకినప్పుడు గుచ్చుకుంటుంది, అందుకని నేనే టీషర్టు లోపల చిన్న జేబు కుట్టుకున్నా. అందరికీ కుట్టి ఇచ్చా. చుడీదార్ చున్నీ నడుముకి కట్టి ఆడితే వలకి తగులుకుంటుంది, నెట్ టచ్ కింద పాయింటు పోతుంది. గ్రౌండులో బాత్రూము లేదు, దగ్గర ఇల్లున్న వాళ్ళని ఒకరిని మంచి చేసుకోండి.

ఖర్చులు: షూ 750, మోకాలి క్యాపులు జత 280, ట్రాకు నేనే కుట్టుకున్నా కాబట్టి గుడ్డకి 220. బంతి అందరం కలిసి కొన్నాం, 950 అయింది.

వల ఎత్తు కూడా చెప్పాలి. మగవాళ్ళకి 2.43 మీటర్లు, ఆడవాళ్ళకి 2.24. మేం మొదట పిల్లకాయలకి కట్టిన ఎత్తులోనే ఆడి, ఏ బంతీ దాటక ఏడుపొచ్చినంత పనయింది. సారు ఒక ఆదివారం వెల్డింగ్ అతన్ని పిలిపించి స్తంభాలకి కింద ఇంకో కొక్కెం పెట్టించారు. టేపు నేను తీసుకెళ్ళా, బట్టల టేపు, ఐదడుగులే. రెండుసార్లు వేసి కొలిచాం.

సెప్టెంబరు రెండో వారం నుంచి దసరా కుట్లు మీద పడ్డాయి. అక్టోబరు 2 పండగ. అర్ధరాత్రి దాకా మెషినే. ఇక పోలేకపోయా. నాలుగైదు రోజులు కాగానే సారు మావాడి చేత పాత బంతి ఒకటి పంపించారు, "ఖాళీ దొరికినప్పుడు గోడకి కొట్టుకోమన్నాడు" అని. ఎందుకు రావడం లేదని అడగలేదు. రాత్రి పదింటికి హుక్కులు కుట్టడం అయ్యాక దొడ్డిగోడకి కాసేపు కొట్టేదాన్ని. ఆ చప్పుడుకి పక్కింటి వదిన వాళ్ళ మామ నిద్ర లేచి తిట్టేవాడు. ఆ బంతి ఇంట్లో కళ్ళ ముందు ఉండబట్టే పండగ అయిపోగానే మళ్ళీ పోగలిగా. లేకపోతే "ఇన్ని రోజులు పోలేదు, ఏ మొహం పెట్టుకుని పోను" అని ఆగిపోయేదాన్ని, నా సంగతి నాకు తెలుసు.

పోయిన కొద్ది రోజులకే తుఫాను. అక్టోబరు 28 రాత్రి మొంథా తీరం దాటింది నరసాపురం దగ్గర, వాన కుమ్మరించింది మాత్రం మా కావలి మీద. మా గ్రౌండు చెరువయింది. కప్పలు, దోమలు. నీళ్ళు ఇంకడానికి, బురద గట్టిపడడానికి నవంబరు సగం గడిచిపోయింది. ఆ రోజుల్లో పొద్దున్నే టీ బంకు దగ్గర కలిసేవాళ్ళం. సారు ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1986లో, సియోల్ ఆసియా క్రీడల్లో మనవాళ్ళకి వాలీబాల్‌లో కంచు పతకం వచ్చిందట. ఆ జట్టులో ఆడిన జిమ్మీ జార్జ్ పేరు ఎత్తామంటే చాలు, ఆయన టీ చల్లారిపోతుంది, మాకు ఇంటికి ఆలస్యమవుతుంది.

గ్రౌండు నీళ్ళలో ఉండగానే, నవంబరు 2న మన ఆడపిల్లలు క్రికెట్లో ప్రపంచకప్పు గెలిచారు. వాన వల్ల ఆట ఆలస్యంగా మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. మా అత్తమ్మతో సహా ఇల్లంతా మేలుకుని చూశాం. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ జట్టులో ఉండడంతో మా వీధిలో అది పక్కింటి పిల్ల గెలిచినట్టే. మర్నాడు నుంచి మమ్మల్ని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నేల ఆరేసరికి పన్నెండు మంది ఆడవాళ్ళం. అందరం తలా కొంత వేసుకుని మా ఆయన ట్రాలీలో మట్టి తోలించి గుంటలు పూడ్చాం, 2,800 అయింది. పన్నెండు మందిలో డిసెంబరు చలికి ఎనిమిది మందే మిగిలారు. చలి అంటే మన కావలి చలే, కానీ ఐదున్నరకి దుప్పటి వదలాలి కదా.

నవంబరు ఆఖర్లో నాకు దెబ్బ తగిలింది. వల దగ్గర బంతి ఆపబోతే ఉంగరం వేలు చివరకి తగిలి వెనక్కి మడతపడింది. నిమిషాల్లో వాచింది. నా భయం వేలు గురించి కాదు, సూది గురించి. డిసెంబరంటే సంక్రాంతి కుట్లు. ఎక్స్‌రే 400, డాక్టరు ఫీజు 300. ఎముక విరగలేదు, పక్కవేలుతో కలిపి టేపు వేసి రెండు వారాలు ఉంచమన్నారు. అప్పటికే తీసుకున్న బ్లౌజులు కొన్ని వేరే టైలరుకి ఇచ్చేశా, ఆ డబ్బు పోయినట్టే. ఆ రోజు మా ఆయన మొదటిసారి గట్టిగా మాట్లాడాడు: "ఇది మనకి అన్నం పెట్టే చెయ్యి." ఆ మాట తప్పని నేనెట్ట అనను? ఇక చాలనుకున్నా. బంతి తిరిగి ఇచ్చేద్దామని వెళ్ళా. సారు వేలు తిప్పి చూసి, "దెబ్బ వేలికి కదమ్మా, కళ్ళకి కాదు గదా. కూర్చుని స్కోరు రాయి" అని నోట్‌బుక్ చేతికిచ్చారు.

ఆ రెండు వారాల్లో నేర్చుకున్నంత నేను కోర్టులో ఉండి నేర్చుకోలేదు. ఎవరు ఎప్పుడు ఏ చోటికి మారతారో, సర్వీసు మన చేతికి వచ్చినప్పుడే ఎందుకు తిరగాలో, 24-24 అయితే రెండు పాయింట్ల తేడా వచ్చేదాకా ఎందుకు ఆగదో, అన్నీ రాస్తూ ఉంటే తెలిశాయి. ఎవరు భయపడి వెనక్కి జరుగుతారో కూడా బయటి నుంచే కనబడుతుంది. టేపు తీశాక సర్వీసు మీద పడ్డా. వలకి తొమ్మిది మీటర్ల దూరంలో గీత. మొదట సగం దూరం నుంచి కొట్టించి, వారానికి కొంచెం కొంచెం వెనక్కి జరిపారు. గీత మీద నుంచి బంతి దాటిన పొద్దున నేను ఎగిరి గంతేసి చెప్పు తెగ్గొట్టుకున్నా. షూ ఆరోజు తడిగా ఉండి వేసుకోలేదు లెండి.

ఇక టోర్నమెంటు. అల్లూరు వైపు ఒక ఊళ్ళో సంక్రాంతికి పెట్టారు. ఎంట్రీ 500. ఆడవాళ్ళ టీములు మొత్తం నాలుగే. కనుమ రోజు, జనవరి 16, పొద్దున తొమ్మిదికి మా మ్యాచి అన్నారు. మా ఆయన ట్రాలీలో దుప్పట్లు పరుచుకుని ఎనిమిది మందిమీ, సారూ వెళ్ళాం. మగవాళ్ళ మ్యాచీలు ముగియలేదని మమ్మల్ని ఒంటిగంట దాటేదాకా కూర్చోబెట్టారు. మధ్యలో అన్నం తినాలా వద్దా తెలియదు. బట్టలు మార్చుకోవడానికి చోటు లేదు. ఎదురింటావిడ పిలిచి తలుపు తీసింది, గారెలు కూడా పెట్టింది. అడిగితే కమిటీవాళ్ళు "ఆడోళ్ళ మ్యాచి ఎప్పుడైనా ఆడచ్చు గదమ్మా" అన్నారు. నాకు ఆ మాట ఇంకా మంటగానే ఉంది.

మొదటి మ్యాచి కాలేజీ అమ్మాయిల మీద. మొదటి సెట్టు 25-11. కాళ్ళు వణికాయి, చుట్టూ జనం, మైకులో ఎవడో "ఆంటీలు, ఆంటీలు" అంటున్నాడు. వాళ్ళ కోచి గెలుస్తున్నా పిల్లల్ని నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. మా సారు టైమవుట్ తీసుకుని, "నీళ్ళు తాగండి" అన్నారు ముందు. తర్వాత, "ఆ ఎత్తు అమ్మాయి బంతిని వల దగ్గరే వదుల్తా ఉంది. ముందున్నోళ్ళు రెండడుగులు ముందుకి రండి. అంతే" అన్నారు. రెండో సెట్టు 25-20. ఓడిపోయాం. ఓడిన రెండు టీములకి మూడో స్థానానికి మ్యాచి పెట్టారు, అది చీకటి పడ్డాక లైట్ల కింద. చెరో సెట్టూ గెలిచి, పదిహేను పాయింట్ల ఆఖరి సెట్టుకి వచ్చాం. 13-12 దగ్గర సర్వీసు నాది. అప్పుడు నాకు వినబడింది సారు గొంతు కాదు, మైకు కాదు. పక్కింటి వదిన "నాదీ" అని అరిచిన అరుపు, అవతలివాళ్ళు తిప్పికొట్టిన బంతికి. అది ఆమే తీసింది, 14-12. తర్వాతి సర్వీసు వాళ్ళు ఎత్తలేకపోయారు. నాలుగు టీముల్లో మూడో స్థానం మాది. గొప్పలు చెప్పడం లేదు, ఉన్నది రాస్తున్నా. రెండు వేలు ఇచ్చారు, కొత్త వల కొన్నాం.

మావాడి సంగతి అడుగుతారని తెలుసు. వాడికి నేను ఆడటం ఇప్పటికీ సిగ్గే. నేను గ్రౌండులో ఉంటే అటు తిరిగి నిలబడతాడు. కాకపోతే మొన్న ఇంట్లో అన్నం తింటూ, "నీ సర్వీసు బంతి కింద నుంచి తగుల్తోంది, కొంచెం పక్క నుంచి కొట్టు" అన్నాడు. చూడకుండా ఎట్ట తెలిసిందో మరి.

భుజం నొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు. బరువు రెండు కేజీలే తగ్గా, ఎందుకంటే ఆడి వచ్చాక ఆకలి విపరీతం. వేలు చలికి ఇంకా లాగుతుంది.

మార్చి నుంచి ఎండల వల్ల మా బ్యాచి ఐదింటికే మొదలు. రాదలచుకున్నవాళ్ళు షూ తెచ్చుకుంటే చాలు, క్యాపులు కొన్నాళ్ళు ఆగి కొనొచ్చు. సారుకి ఫీజు ఇవ్వబోకండి, తీసుకోరు, కోప్పడతారు. బంతులకీ వలకీ మాత్రం నెలకి తలా యాభై. డబ్బుల లెక్క నేనే చూస్తున్నా, అరువు లేదు.